రెజ్లర్ సంతకం ఉన్న ఫోటో అసలుదేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆండ్రే ది జెయింట్, అల్టిమేట్ వారియర్, అండర్‌టేకర్, జాన్ సీనా లాంటి రెజ్లర్ల సంతకంతో 8×10 అంగుళాల ఫోటో కొనబోయేవాళ్ళకీ, ఇప్పటికే కొని అనుమానపడుతున్నవాళ్ళకీ ఈ పేజీ. ఒక మాట మొదటే చెప్పుకోవాలి. ఇంట్లో కూర్చుని సంతకం నకిలీ అని తేల్చడం చాలాసార్లు సాధ్యమే. అసలుదని నూటికి నూరుపాళ్ళు తేల్చడం మాత్రం, రెజ్లర్ సంతకం పెడుతున్నప్పుడు పక్కన నిలబడి చూసినవాళ్ళకు తప్ప, ఎవరికీ సాధ్యం కాదు. అందుకే కింద చెప్పిన పరీక్షలన్నీ నకిలీని పట్టుకోవడానికి ఉన్నవే. అన్నింటికీ తట్టుకుని నిలబడిన ఫోటో మీద నమ్మకం పెరుగుతుంది, అంతే.

ముందు ఏం చూడాలి? సంతకమా, సర్టిఫికెట్టా?

రెండూ కాదు, తేదీలు. ఒక ఫోటోలో నాలుగు కాలాలు కలిసి ఉంటాయి: బొమ్మ తీసిన కాలం, అది ఆ కాగితం మీద అచ్చయిన కాలం, సంతకానికి వాడిన పెన్ను కాలం, సంతకం పక్కన రాసిన మాటల కాలం. ఈ నాలుగూ రెజ్లర్ బతికుండగా, అమ్మేవాళ్ళు చెబుతున్న తేదీ నాటికే ఉండి తీరాలి. ఒక్కటి పొసగకపోయినా మిగతా పరీక్షలతో పని లేదు. అక్షరాలు పోల్చడానికి అనుభవం కావాలి. తేదీలు పోల్చడానికి ఓపిక ఉంటే చాలు, అందుకే అక్కడ మొదలుపెట్టమంటున్నాం.

తేదీలతో నకిలీ ఎలా దొరుకుతుంది? ఉదాహరణలు చెప్పండి.

కంపెనీ పేరుతో మొదలుపెట్టండి. రెజ్లింగ్ షోలు నడిపే అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూఎఫ్ పేరు 1979లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అయింది. వన్యప్రాణి సంరక్షణ సంస్థతో నడిచిన కేసు ఓడిపోయాక 2002 మే నెలలో డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. ఓవెన్ హార్ట్ 1999 మే 23న చనిపోయాడు. ఆండ్రే ది జెయింట్ 1993 జనవరి 28న చనిపోయాడు. వాళ్ళ సంతకం ఉన్న ఫోటో మూలన డబ్ల్యూడబ్ల్యూఈ లోగో గానీ, అడుగున 2003 నాటి కాపీరైట్ లైను గానీ ఉంటే ఇక భూతద్దం తీయక్కర్లేదు. బొమ్మ 1987 రెసిల్‌మేనియా 3 నాటిదే కావచ్చు, కానీ కాగితం మీద అది అచ్చయింది వాళ్ళు పోయాక. చాలామంది బొమ్మను చూసి మోసపోయేది ఇక్కడే. బొమ్మలో ఉన్న ఏడాది వేరు, అచ్చయిన ఏడాది వేరు.

తర్వాత సంతకం పక్కన రాసిన మాటలు. స్టీవ్ ఆస్టిన్ సంతకం కింద కనిపించే అతని నినాదం "3:16" పుట్టింది 1996 జూన్ 23న, కింగ్ ఆఫ్ ద రింగ్ పోటీ రోజున. 1995లో చేయించుకున్నామంటూ అమ్మే ఫోటో మీద ఆ అంకెలు ఉండే వీల్లేదు. హల్క్ హోగన్ పేరు ముందు "హాలీవుడ్" చేరింది 1996 జులై 7న అతను విలన్‌గా మారాకే. అండర్‌టేకర్ పక్కన "21-1" (రెసిల్‌మేనియా షోలలో 21 గెలుపులు, ఒక ఓటమి) అని ఉంటే, 2014 ఏప్రిల్ 6న బ్రాక్ లెస్నర్ చేతిలో ఓడిన తర్వాత రాసినదై ఉండాలి.

మన దగ్గర ఉపయోగపడే ఉదాహరణ ఒకటుంది. జాన్ సీనా 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో సూపర్‌స్టార్ స్పెక్టకిల్‌లో సెత్ రాలిన్స్‌తో జట్టుగా ఆడాడు. ఆ రోజు సంతకం చేయించుకున్నాం అని చెప్పే ఫోటో మీద "17 సార్లు ఛాంపియన్" అని రాసి ఉంటే ఆ కథ అబద్ధం. పదిహేడో టైటిల్ వచ్చింది 2025 ఏప్రిల్ 20న. అప్పటిదాకా అతని లెక్క 16.

సంతకం అచ్చులో వచ్చిందా, పెన్నుతో చేసిందా? ఎలా తెలుస్తుంది?

అభిమానులకు పంచడానికి సంతకంతో సహా అచ్చు వేసిన ఫోటోలు లక్షల్లో ఉన్నాయి. అవి మోసం కాదు, ప్రచార సామగ్రి. వాటిని "సంతకం చేసిన ఫోటో" అని అమ్మితేనే మోసం.

వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే రకం, 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి కొనుక్కోండి. గది లైటు ఆపి, సెల్‌ఫోన్ టార్చి ఫోటో పక్కనుంచి ఏటవాలుగా, దాదాపు కాగితానికి ఆనించినట్టు వేయండి. ఇప్పుడు సంతకంలో ఒక గీత ఇంకో గీతను దాటే చోటు చూడండి. మార్కర్‌తో చేసినదైతే ఆ కూడలిలో ఇంకు రెండు పొరలై కాస్త ముదురుగా ఉంటుంది. అచ్చు సంతకంలో కూడలీ గీతా ఒకే రంగు. ఆఫ్‌సెట్ అచ్చులో సంతకం అంచు వెంబడి నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు ముగ్గు పెట్టినట్టు కనిపిస్తాయి. ఇంక్‌జెట్‌లో చుక్కలు ఇంకా చిన్నవిగా, చిందరవందరగా ఉంటాయి.

తర్వాత ఫోటోను కంటి ఎత్తుకు తెచ్చి అటూ ఇటూ వంచండి. నిగనిగలాడే కాగితం మీద షార్పీ (సంతకాలకు ఎక్కువగా వాడే మార్కర్ బ్రాండు) ఇంకు పైనే కూర్చుంటుంది, దాని మెరుపు వేరుగా ఉంటుంది. నల్ల షార్పీ ఒక కోణంలో ఊదా, రాగి కలిసిన జిగి కొడుతుంది. అచ్చు సంతకం అయితే కాగితం మెరుపు ఎక్కడా తెగకుండా సంతకం మీదుగా సాగిపోతుంది, ఎందుకంటే రంగు ఆ మెరుపు పొర కింద ఉంది.

రెండు జాగ్రత్తలు. మెరుపు లేని మ్యాట్ కాగితం ఇంకును పీల్చేస్తుంది కాబట్టి దాని మీద అసలు సంతకం కూడా మెరవకపోవచ్చు. ఇక కొందరు అచ్చు సంతకం మీదే మార్కర్‌తో దిద్దుతారు. అప్పుడు ఇంకు మెరుస్తుంది, కూడలి ముదురుగా ఉంటుంది, పరీక్షలన్నీ నెగ్గినట్టే ఉంటుంది. గీత అంచుల్లో ఎక్కడో ఒకచోట మార్కర్ పక్కకు జారి కింద అచ్చు గీత వెంట్రుకవాసి బయటికి తొంగిచూస్తుంది. ఓపిగ్గా మొదటినుంచి చివరిదాకా గీత అంచు వెంట భూతద్దం నడిపితే గానీ దొరకదు.

కాగితం వయసు ఎలా తెలుసుకోవాలి?

వెనక్కి తిప్పండి. ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో కాగితం 1960ల చివర్లో మొదలై 1970ల్లో అంతటా వ్యాపించింది. వెనక నున్నగా, జారుడుగా ఉంటుంది. అంతకుముందరి కాగితం వెనక మామూలు అట్టలా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ అంచులు లోపలికి ముడుచుకుంటాయి. టీవీ తొలినాళ్ళ తార గార్జియస్ జార్జ్ 1963 డిసెంబర్ 26న చనిపోయాడు. అతని సంతకం ప్లాస్టిక్ పూత కాగితం మీద ఉంటే కుదరదు. అలాగే పెన్నులా పట్టుకుని రాసే షార్పీ మార్కెట్లోకి వచ్చిందే 1964లో, అతను పోయిన తర్వాత.

వెనక కాగితం కంపెనీ పేరు లేత బూడిద రంగులో ఐమూలగా అచ్చయి ఉంటే దాన్నీ వెతకండి. ఆ పేరుతో కాగితం ఏ ఏడాది నుంచి వచ్చిందో తెలిస్తే చాలు. వెనక పసుపు మరకలు, మాసిన అంచులు మాత్రం సాక్ష్యం కావు. టీ డికాక్షన్‌తో గంటలో తెప్పించవచ్చు.

అల్ట్రావయొలెట్ టార్చి కొనాలా?

పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు కొనేవాళ్ళయితే కొనండి, 365 నానోమీటర్ల రకం. నోట్లు చూసుకోవడానికి దుకాణాల్లో దొరికే చవక 395 రకం అన్నిటినీ ఊదారంగులో ముంచేస్తుంది, తేడా తెలియదు. కాగితాన్ని తెల్లగా చూపే రసాయనాలను 1950ల మధ్య నుంచి కలుపుతున్నారు. అవి ఉన్న కాగితం చీకట్లో ఈ టార్చి కింద నీలి తెలుపులో వెలిగిపోతుంది. 1948 నాటిదని చెప్పే ఫోటో అలా వెలిగితే అది తర్వాత తీసిన కాపీ. వెలగకపోతే మాత్రం పాతదని నిర్ధారణ చేసుకోకండి. ఆ రసాయనాలు కలపని కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి.

పెన్నుతో చేసిందే, కానీ రెజ్లర్ చేశాడా, దొంగ సంతకమా?

కష్టమైన ప్రశ్న ఇదే. దీనికి కాలం వెచ్చించండి.

తన పేరు తాను రాసేవాడు ఆలోచించడు, చెయ్యి పరిగెడుతుంది. ఇంకొకరి పేరు రాసేవాడు బొమ్మ గీస్తాడు. ఆ తేడా గీతలో మిగిలిపోతుంది. వేగంగా పెట్టిన సంతకంలో గీత మొదలూ చివరా సన్నబడతాయి, ఎందుకంటే పెన్ను కదులుతూనే కాగితాన్ని తాకుతుంది, కదులుతూనే పైకి లేస్తుంది. గీసిన సంతకంలో మొదలు, చివర మొద్దుగా, ఇంకు దిగిన చుక్కతో ఉంటాయి. వంపుల్లో సన్నటి వణుకు ఉంటుంది. ఒకే ఊపులో రావాల్సిన అక్షరం మధ్యలో పెన్ను ఆగి మళ్ళీ మొదలైన అతుకు కనిపిస్తుంది.

వణుకు ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. వయసు మీరిన రెజ్లర్లు, చేతులకూ మెడకూ ఆపరేషన్లు అయినవాళ్ళు నిజంగానే వణుకుతూ సంతకం చేస్తారు. వాళ్ళ గీత వణికినా దారి తప్పదు, ఎటు వెళ్ళాలో దానికి తెలుసు. దొంగ సంతకంలో గీత నెమ్మదిగా, అనుమానంగా మలుపు తిరుగుతుంది. పది అసలు సంతకాలు చూశాక ఈ తేడా కంటికి దానంతట అదే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

పాత ఫోటోల మీద బాల్‌పెన్ను సంతకాలకు ఇంకో గుర్తుంది. నున్నటి కాగితం మీద బాల్‌పెన్ను మధ్యమధ్య ఇంకు వదలదు, కానీ గాడి పడుతుంది. ఏటవాలు వెలుతురులో ఇంకు లేని ఆ గాడి కూడా సంతకం ఊపులోనే సాగాలి. ఇంకు తెగిన చోట మళ్ళీ దిద్దిన గుర్తులుంటే అనుమానించండి.

పోల్చడానికి అసలు సంతకాలు ఎక్కడ దొరుకుతాయి?

వేలం సైట్లలో అమ్మకానికున్న ఫోటోలతో పోల్చకండి. ఒక దొంగను ఇంకో దొంగతో పోల్చినట్టవుతుంది. టాప్స్, పానినీ లాంటి కంపెనీలు అధికారికంగా సంతకం చేయించి ప్యాకెట్లలో పెట్టిన కార్డులు మంచి నమూనాలు. రెజ్లర్ సంతకం పెడుతుండగా తీసిన వీడియోలు ఇంకా మంచివి, ఎందుకంటే ఏ గీత ముందు, ఏ గీత తర్వాత, పెన్ను ఎక్కడ లేస్తుంది అన్నది వాటిలోనే తెలుస్తుంది.

కనీసం 15 నమూనాలు పోగేయండి, చెప్పిన తేదీకి అటూ ఇటూ మూడు నాలుగేళ్ళ లోపువి. సంతకం ఏళ్ళతో మారుతుంది. టేబుల్ ముందు కూర్చుని చేసినది నిండుగా ఉంటుంది, హోటల్ గుమ్మంలో జనం మధ్య నిలబడి గీకింది రెండు అక్షరాలూ ఒక తోకతో అయిపోతుంది. కాబట్టి కూర్చుని చేసినదాన్ని కూర్చుని చేసినదాంతోనే పోల్చండి. అక్షరాల ఆకారం అందరూ అనుకరించగలరు. మీరు చూడాల్సింది పెద్ద అక్షరానికీ చిన్న అక్షరాలకూ ఎత్తులో నిష్పత్తి, వాలు, రెండు మాటల మధ్య ఖాళీ, లైను పైకి ఎక్కుతోందా కిందికి దిగుతోందా అన్నది. అనుకరించేవాడు వీటిని పట్టించుకోడు.

మీ ఫోటో మీది సంతకం ఒక నమూనాతో అచ్చు గుద్దినట్టు సరిపోయిందా? సంతోషపడకండి. ఎవరూ రెండుసార్లు ఒకేలా సంతకం చేయరు. ఒకదాని మీద ఒకటి పెడితే గీతకు గీత కలిసిందంటే, దాన్ని చూసి ట్రేస్ చేశారని అర్థం.

ఆటోపెన్, రబ్బరు స్టాంపు సంగతి?

ఆటోపెన్ అంటే పెన్ను పట్టుకుని సంతకం గీసే యంత్రం. మొదటినుంచి చివరిదాకా ఒకే మందం, రెండు చివర్లా చుక్క, అదే సంతకం ఇంకో ఫోటో మీద మక్కీకి మక్కీ. స్టాంపు అయితే గీత అంచుల్లో ఇంకు గట్టుకట్టి మధ్యలో పలచబడుతుంది. రెజ్లింగ్‌లో వీటికంటే పోస్టులో పంపిన ఫోటోలకు ఆఫీసు మనుషులో, ఇంట్లోవాళ్ళో పెట్టి పంపిన సంతకాలే ఎక్కువ ఇబ్బంది. అవి ధారాళంగా, వేగంగా ఉంటాయి, వణుకు ఉండదు. నమూనాలతో పోల్చడం తప్ప వేరే దారి లేదు.

సర్టిఫికెట్ ఉంటే చాలదా?

ఎవరు ఇచ్చారన్నదే ముఖ్యం. అమ్మేవాళ్ళే తమ ప్రింటర్‌లో తీసుకుని, బంగారు రంగు సీలు అంటించి ఇచ్చే సర్టిఫికెట్ వాళ్ళ మాటతో సమానం, అంతకు మించి కాదు. 1990ల చివర్లో అమెరికాలో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో క్రీడాకారుల దొంగ సంతకాల ముఠాను పట్టుకున్నప్పుడు, ఆ సరుకుకు కూడా సర్టిఫికెట్లు ఉన్నాయి.

అమ్మకంతో సంబంధం లేకుండా పరిశీలించి చెప్పే కంపెనీల్లో పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ పేరున్నవి. వీటిలోనూ రెండు రకాలు. ఒకటి, సంతకాన్ని చూసి అసలుదని అభిప్రాయం చెప్పడం. రెండోది, సంతకం పెడుతుండగా వాళ్ళ మనిషి ఎదురుగా ఉండి చూడటం. కొనేటప్పుడు రెండో రకం దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. అనుభవజ్ఞుల అభిప్రాయం కూడా అభిప్రాయమే, కళ్ళతో చూసింది సాక్ష్యం.

స్టిక్కర్ మీది నంబరు ఆన్‌లైన్‌లో కొడితే వివరాలు వస్తున్నాయి. ఇక అనుమానం లేనట్టేనా?

నంబరు నిజమైనదే కావచ్చు, మీ ఫోటోది కాకపోవచ్చు. అసలు స్టిక్కర్ నంబరు కాపీ చేసి దొంగ స్టిక్కర్లు కొడుతున్నారు. వచ్చిన వివరాల్లో రెజ్లర్ పేరు, వస్తువు రకం, సైజు సరిపోయాయా చూడండి. కంపెనీ దగ్గర ఫోటో ఉంటే, ఇంకు రంగు, సంతకం ఫోటోలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో మీదాంతో పోల్చండి. స్టిక్కర్ అంచులు లేచి ఉన్నా, ముక్కలైనా, కింద జిగురు మరక ఉన్నా వేరే చోటినుంచి ఊడదీసి అంటించారేమో అనుకోవాలి.

ఇండియా నుంచి పరిశీలనకు ఎలా పంపాలి?

ముందు స్కాన్ పంపి ప్రాథమిక అభిప్రాయం తీసుకునే సేవ వాడుకోండి. అక్కడే కాదన్నారంటే పోస్టు ఖర్చు మిగులుతుంది. అమెరికాలో ఉన్న చుట్టాలు సెలవులకు వచ్చినప్పుడు చేత్తో పంపి, అక్కడినుంచి వాళ్ళ చేత కంపెనీకి వేయించడం మనవాళ్ళకు అన్నిటికంటే క్షేమం, కస్టమ్స్ గొడవా తక్కువ. ఫోటోను మెత్తటి పాలీప్రొపిలీన్ కవర్లో, ఆ కవర్ను 8×10 గట్టి ప్లాస్టిక్ హోల్డర్లో, దాన్ని 9×11 అట్టముక్కలు రెండింటి మధ్య పెట్టండి. టేపు అట్టకే అంటాలి, హోల్డర్‌కు కాదు. రబ్బరు బ్యాండ్ వేయకండి, అంచు నొక్కుకుపోతుంది. సాధారణంగా అసలు సంతకం కాదని తేల్చినా ఫీజు వెనక్కి రాదు, లెక్కలో పెట్టుకోండి. "తేల్చలేం" అన్న జవాబు కూడా రావచ్చు. అది నకిలీ అన్నట్టు కాదు.

దారాసింగ్ లాంటి మన రెజ్లర్ల సంతకాలకు?

అమెరికా కంపెనీల దగ్గర వీళ్ళ నమూనాలు తక్కువ, కాబట్టి నమూనాలు మీరే వెతుక్కోవాలి. దారాసింగ్ గారు 2003 నుంచి 2009 దాకా రాజ్యసభ సభ్యులు. ఆ పదవిలో రాసిన ఉత్తరాలు, సంతకాలు తేదీతో సహా దొరికితే చివరి ఏళ్ళ సంతకాలకు అవి గట్టి ఆధారం. ఆయన 2012 జులై 12న మరణించారు. కుస్తీ రోజుల సంతకాలను ఈ ఉత్తరాలతో నేరుగా పోల్చకూడదు, మధ్యలో నలభై ఏళ్ళు ఉన్నాయి.

"సంతకం పెడుతుండగా ఫోటో తీశాం" అని చూపిస్తున్నారు. నమ్మొచ్చా?

రెజ్లర్ ఏదో ఒకదాని మీద సంతకం పెట్టాడన్నది మాత్రమే దాంతో రుజువవుతుంది. ఆ ఫోటోను పెద్దది చేసి, చేతికింద ఉన్నది మీరు కొనే బొమ్మేనా, పెన్ను రంగు అదేనా చూడండి. ఫోన్‌లోంచి అసలు ఫైలు పంపమనండి, వాట్సాప్‌లో వచ్చినది కాదు. వాట్సాప్ తేదీ వివరాలు చెరిపేస్తుంది. దాంతోపాటు షో టికెట్టూ, ఎక్కడ కలిశారో, ఎన్ని గంటలకో ఒక్క పేరాలో రాసిచ్చిన కాగితమూ అడగండి. నిజంగా చేయించుకున్నవాళ్ళు ఇవి ఇష్టంగానే ఇస్తారు.

స్పిరిట్ దూదితో తుడిస్తే అచ్చు సంతకమా, పెన్నుతో చేసిందా తెలిసిపోతుంది కదా?

తెలుస్తుంది, సంతకమూ పోతుంది. చేయకండి. గోటితో గీకడమూ అంతే.

ఎలా దాచుకోవాలి? ల్యామినేషన్ చేయించవచ్చా?

వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ. వేడికి మార్కర్ ఇంకు పాకుతుంది, ఒకసారి అతుక్కున్న ప్లాస్టిక్ ఇక ఊడదు, ఆ తర్వాత ఇంకు మెరుపు చూసి చెప్పాల్సిన ఏ పరీక్షా ఎవరూ చేయలేరు. పెళ్ళి ఆల్బమ్‌లకు వాడే జిగురు షీట్లు, పీవీసీ కవర్లు కూడా ఇంకును లాగేస్తాయి. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ ఫోటోకూ మధ్య అట్ట మౌంట్‌తో 2, 3 మిల్లీమీటర్ల ఎడం ఉంచమని చెప్పండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు తేమలో ఫోటో అద్దానికి అతుక్కుపోతే విడదీసేటప్పుడు సంతకం అద్దం మీదే ఉండిపోతుంది. ఎండ పడే గోడ వద్దు. నీలం షార్పీ ముందు ఊదాకు తిరిగి, తర్వాత పాలిపోతుంది.

నకిలీ అని తేలింది. ఇప్పుడేం చేయాలి?

కొన్న సైటు గడువులోపు ఫిర్యాదు పెట్టండి. కంపెనీ తిరస్కరించిన కాగితం, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్, డబ్బు పంపిన వివరం జతచేయండి. యూపీఐలో నేరుగా పంపినవాళ్ళకు సైటు రక్షణ ఉండదు. ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫోన్ చేయండి. దుకాణం మీద ఫిర్యాదుకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. డబ్బు రాకపోయినా ఆ ఫోటోను ఇంకొకరికి అంటగట్టకండి. ఉంచుకోదలిస్తే వెనకవైపు పర్మనెంట్ మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో "సంతకం నకిలీ" అని రాసి తేదీ వేయండి. రేపు మీ ఇంట్లోవాళ్ళు తెలియక అమ్మినా కొనేవాళ్ళకు అది కనిపిస్తుంది.